మెయిల్ పంపేటప్పుడు దారి తప్పించే ఎర్రర్ మెసేజ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మెయిల్ ప్రోగ్రామ్ నుంచో, వెబ్‌సైట్ ఫారం నుంచో, ఆఫీసు స్కానర్ నుంచో మెయిల్ పంపబోతే ఎర్రర్ వస్తుంది. అందులో ఉన్న మాట పట్టుకుని వెతుక్కుంటూ పోతే పూట గడిచిపోతుంది. చివరికి చూస్తే తప్పు ఇంకెక్కడో ఉంటుంది. ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట చేర్చాను. మెయిల్ వెళ్లే వరుసలోనే ప్రశ్నలు ఉన్నాయి: ముందు కనెక్షన్, తర్వాత సర్టిఫికెట్ (సర్వర్ తానెవరో రుజువు చేసుకునే పత్రం), ఆపైన లాగిన్, చివర పంపడం. ఏ జవాబుకా జవాబు పూర్తిగా ఉంటుంది. మీకొచ్చిన ఎర్రర్ దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

ఎర్రర్‌లో ఒకటి ఉంటుంది, అసలు కారణం ఇంకొకటి అవుతుంది. ఎందుకిలా?

మెయిల్ పంపడంలో అంచెలు ఉన్నాయి. అడుగున నెట్‌వర్క్ కనెక్షన్, దానిమీద టీఎల్ఎస్ ఎన్‌క్రిప్షన్ (దారిలో ఎవరూ చదవకుండా దాచే పద్ధతి), దానిమీద ఎస్ఎంటీపీ సంభాషణ (మెయిల్ పంపడానికి ప్రోగ్రామ్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి), అన్నిటికీ పైన మీ ప్రోగ్రామ్. తప్పు ఒక అంచెలో జరుగుతుంది, దాన్ని గమనించేది వేరే అంచె. గమనించిన అంచె తనకు తెలిసిన మాటల్లోనే ఫిర్యాదు చేస్తుంది. మీరు పోర్ట్ నంబర్ తప్పు పెట్టారన్న సంగతి టీఎల్ఎస్ లైబ్రరీకి తెలిసే వీల్లేదు. దానికి కనిపించేదల్లా అర్థం కాని నాలుగు బైట్లు. పైనున్న ప్రోగ్రామ్ ఆ ఫిర్యాదును ఇంకా కుదించి ‘కనెక్ట్ కాలేదు’ అని తేల్చేస్తుంది. అందుకే ఏ ఎర్రర్ వచ్చినా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: పని ఎంతవరకు వెళ్లి ఆగింది?

25, 465, 587లో ఏ పోర్ట్ పెట్టాలి? ఒక్కో చోట ఒక్కోటి రాస్తున్నారు.

25 అనేది మెయిల్ సర్వర్లు తమలో తాము మాట్లాడుకునే పోర్ట్. మీ ప్రోగ్రామ్ నుంచి సర్వర్‌కు మెయిల్ అప్పగించడానికి 587 గానీ 465 గానీ వాడాలి. 587లో సంభాషణ మామూలు టెక్స్ట్‌గా మొదలై, స్టార్ట్‌టీఎల్ఎస్ అనే ఆదేశంతో మధ్యలో ఎన్‌క్రిప్షన్‌లోకి మారుతుంది. 465లో మొదటి బైట్ నుంచే ఎన్‌క్రిప్షన్.

465 పాతబడిపోయిందని, వాడకూడదని చాలా చోట్ల కనిపిస్తుంది. అది ఒకప్పుడు నిజమే. 1990ల చివర్లో ఆ పోర్ట్‌ను ఈ పనికి కేటాయించి, కొద్దికాలానికే ఆ కేటాయింపు తీసేశారు. అయినా సర్వర్లు దాన్ని వదల్లేదు. 2018 జనవరిలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8314 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం మళ్లీ 465నే సిఫారసు చేసింది. మీ సర్వర్ రెండూ ఇస్తుంటే నా ఓటు 465కే. మధ్యలో మారే మెట్టు లేదు కాబట్టి, ఆ మెట్టు దగ్గర వచ్చే తికమకలూ ఉండవు.

సెట్టింగుల్లో ‘ఎస్ఎస్ఎల్’, ‘టీఎల్ఎస్’ అని రెండు ఉన్నాయి. కొత్తది కదా అని టీఎల్ఎస్ ఎంచుకుంటే ఫెయిల్ అవుతోంది.

చాలా ప్రోగ్రాముల్లో ఆ రెండు మాటలకూ వెర్షన్‌తో సంబంధం లేదు. ‘ఎస్ఎస్ఎల్’ అంటే మొదటి నుంచీ ఎన్‌క్రిప్షన్, అంటే పోర్ట్ 465 పద్ధతి. ‘టీఎల్ఎస్’ అంటే స్టార్ట్‌టీఎల్ఎస్, అంటే 587 పద్ధతి. అసలు ఎస్ఎస్ఎల్ ప్రోటోకాల్‌లో చివరి వెర్షన్‌ను కూడా 2015లోనే వాడకూడదని తేల్చేశారు. మీరు ఏది ఎంచుకున్నా లోపల నడిచేది టీఎల్ఎస్సే.

కోడ్ రాసేవాళ్లకూ ఇదే చిక్కు. జాంగోలో ‘యూజ్ టీఎల్ఎస్’ అంటే స్టార్ట్‌టీఎల్ఎస్, ‘యూజ్ ఎస్ఎస్ఎల్’ అంటే మొదటి నుంచీ ఎన్‌క్రిప్షన్. రెండూ ఒకేసారి ట్రూ పెట్టకూడదు. నోడ్‌మెయిలర్‌లో ‘సెక్యూర్’ అనే ఆప్షన్‌ను 587కి ఫాల్స్ పెట్టాలి. ఫాల్స్ అనగానే భద్రత పోయినట్టు అనిపిస్తుంది గానీ, సర్వర్ స్టార్ట్‌టీఎల్ఎస్ ఇస్తే అది ఎన్‌క్రిప్షన్‌లోకి మారుతుంది. తప్పనిసరిగా మారాల్సిందే అనుకుంటే ‘రిక్వైర్ టీఎల్ఎస్’ కూడా ట్రూ పెట్టండి.

## కనెక్షన్ దగ్గరే ఆగిపోతే

‘రాంగ్ వెర్షన్ నంబర్’ అంటోంది. టీఎల్ఎస్ 1.2 పెట్టి చూశా, 1.3 పెట్టి చూశా. ఏం చేసినా అదే.

వెర్షన్‌ను ముట్టుకోకండి. నూటికి తొంభైసార్లు అనేంతగా ఇక్కడ తప్పు పోర్ట్‌దే. మీ ప్రోగ్రామ్ మొదటి బైట్ నుంచే ఎన్‌క్రిప్షన్ ఆశిస్తోంది, కానీ మీరు దాన్ని 587కి పంపారు. అక్కడ సర్వర్ మామూలు టెక్స్ట్‌లో పలకరిస్తుంది.

ఏం జరుగుతుందో బైట్ల స్థాయిలో చూస్తే ఈ మెసేజ్ ఎక్కడ పుట్టిందో తెలిసిపోతుంది. టీఎల్ఎస్‌లో వచ్చే ప్రతి రికార్డుకూ ముందు అయిదు బైట్లు ఉంటాయి. మొదటి బైట్ అది ఏ రకం రికార్డో చెబుతుంది. హ్యాండ్‌షేక్ (ఎన్‌క్రిప్షన్ కుదుర్చుకునే మొదటి మాటలు) అయితే 22. తర్వాతి రెండు బైట్లు వెర్షన్: 3, ఆపైన 1 గానీ 3 గానీ. మిగతా రెండూ పొడవు. ఇప్పుడు 587లో సర్వర్ పంపే మొదటి పలకరింపు ‘220’ అన్న అంకెలతో మొదలవుతుంది. ఆ మూడు అక్షరాల కోడ్‌లు 50, 50, 48. లైబ్రరీ మొదటి 50ని రికార్డు రకం అనుకుంటుంది, తర్వాతి 50, 48లను వెర్షన్ అనుకుంటుంది. వెర్షన్ 3తో మొదలవ్వాలి కదా, ఈ 50 ఏమిటి అని ‘రాంగ్ వెర్షన్ నంబర్’ అంటుంది. లైబ్రరీ అబద్ధం చెప్పలేదు. సర్వర్ అన్న ‘220’ని అది వెర్షన్‌గా చదువుకుంది, అంతే.

ఇదే సంగతిని గో భాషలో ‘మొదటి రికార్డు టీఎల్ఎస్ హ్యాండ్‌షేక్‌లా లేదు’ అంటారు. డాట్‌నెట్‌లో ఫ్రేమ్ సైజు తెలియడం లేదనో, ఫ్రేమ్ పాడైందనో వస్తుంది. పాత జావా ‘ప్లెయిన్‌టెక్స్ట్ కనెక్షనా?’ అని సూటిగా అడుగుతుంది. నా దృష్టిలో వీటన్నిట్లో మనిషికి పనికొచ్చే మెసేజ్ అదే.

587 ఉంచాలంటే ఎన్‌క్రిప్షన్ రకాన్ని స్టార్ట్‌టీఎల్ఎస్ చేయండి. ఎన్‌క్రిప్షన్ రకాన్ని అలాగే ఉంచాలంటే పోర్ట్‌ను 465 చేయండి. ఆ తర్వాత కూడా ఇదే వస్తే, మధ్యలో ఏదో ప్రాక్సీ గానీ హోస్టింగ్ వాళ్ల ఫైర్‌వాల్ గానీ సర్వర్ బదులు జవాబిస్తోందేమో చూడాలి.

ఎర్రరే లేదు. చాలాసేపు తిరిగి తిరిగి ‘టైమ్ అవుట్’ అంటోంది. నెట్ స్లోగా ఉందా?

నెట్ వేగానికీ దీనికీ సంబంధం ఉండడం అరుదు. కారణాలు రెండు. ఒకటి, మీ ప్రోగ్రామ్ స్టార్ట్‌టీఎల్ఎస్ పద్ధతిలో ఉండి 465కి వెళ్లింది. ఎస్ఎంటీపీలో ముందు సర్వరే పలకరించాలి కాబట్టి ప్రోగ్రామ్ ‘220’ కోసం ఎదురుచూస్తుంది. 465లో ముందు క్లయింటే హ్యాండ్‌షేక్ మొదలుపెట్టాలి కాబట్టి సర్వర్ దానికోసం ఎదురుచూస్తుంది. ఇద్దరూ మర్యాదగా ఎదురుచూసి చూసి చివరికి ఎవరో ఒకరు లైన్ కట్ చేస్తారు. ‘కనెక్షన్ అనుకోకుండా మూసుకుపోయింది’ అని వచ్చినా చాలాసార్లు ఇదే కథ. డాట్‌నెట్‌లో పాత ఎస్ఎంటీపీ క్లయింట్ వాడేవాళ్లు 465ని వదిలేసి 587కి వెళ్లాలి. అందులో ‘ఎనేబుల్ ఎస్ఎస్ఎల్’ అంటే స్టార్ట్‌టీఎల్ఎస్సే, మొదటి నుంచీ ఎన్‌క్రిప్షన్ చేసే పద్ధతి దానికి లేదు.

రెండో కారణం, మధ్యలో ఎవరో ఆ పోర్ట్‌ను మూసేశారు. తేడా తెలుసుకోవడానికి టెల్‌నెట్ అనే చిన్న పరికరంతో అదే సర్వర్‌కు, అదే పోర్ట్‌కు కనెక్ట్ అయి చూడండి. వెంటనే కనెక్ట్ అయి నిశ్శబ్దంగా ఉంటే దారి తెరిచే ఉంది, పద్ధతి తప్పు. అసలు కనెక్టే కాకపోతే దారి మూసి ఉంది.

నా లాప్‌టాప్‌లో అదే కోడ్ పనిచేస్తోంది. క్లౌడ్ సర్వర్‌లో పెడితే టైమ్ అవుట్.

పోర్ట్ 25 వాడుతున్నారా? స్పామ్ ఆపడానికి గూగుల్ క్లౌడ్, అమెజాన్ లాంటి క్లౌడ్ సంస్థలు బయటికి వెళ్లే 25ను మామూలుగా ఆపేస్తాయి. ఇళ్లకు నెట్ ఇచ్చే కంపెనీల్లోనూ చాలా వరకు అంతే. ప్యాకెట్లను చడీచప్పుడు లేకుండా పారేస్తారు కాబట్టి ‘అనుమతి లేదు’ అన్న మాట రాదు, టైమ్ అవుట్ మాత్రమే వస్తుంది. 587కో 465కో మారండి.

‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అంటే నన్ను బ్లాక్ చేశారా?

సాధారణంగా కాదు. ఆ అడ్రసులో ఆ పోర్ట్ దగ్గర వినేవాళ్లు ఎవరూ లేరని అర్థం. సర్వర్ పేరు ఖాళీగా వదిలేస్తే చాలా ప్రోగ్రాములు లోకల్‌హోస్ట్ అనుకుంటాయి, అంటే మీ సొంత మెషీన్‌నే తడతాయి. సెట్టింగుల ఫైలు నిజంగా లోడ్ అవుతోందా అన్నది ముందు చూడండి.

‘సర్వర్ స్టార్ట్‌టీఎల్ఎస్ సపోర్ట్ చేయదు’ అంటోంది. సర్వర్ వాళ్లేమో ఉందంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. మీరు 465కి ఎన్‌క్రిప్షన్‌తోనే కనెక్ట్ అయి, లోపలికెళ్లాక మళ్లీ స్టార్ట్‌టీఎల్ఎస్ అడుగుతున్నారా? అప్పటికే ఎన్‌క్రిప్షన్‌లో ఉన్నారు కాబట్టి సర్వర్ ఆ సదుపాయాన్ని, తాను ఏమేం చేయగలదో చెప్పే జాబితాలో చూపించదు.

అలా కాకపోతే మధ్యలో ఉన్న ఫైర్‌వాల్‌ను అనుమానించండి. మెయిల్‌ను తనిఖీ చేసే కొన్ని ఫైర్‌వాల్‌లు సర్వర్ పంపిన జాబితాలోంచి స్టార్ట్‌టీఎల్ఎస్ అన్న మాటను తీసేసి ఆ చోట వరసగా ఎక్స్ అక్షరాలు పెడతాయి. సర్వర్ పలకరింపులో పేరుండాల్సిన చోట నక్షత్రం గుర్తులు కనబడినా అనుమానించాల్సిందే. వేరే నెట్‌వర్క్ నుంచి, ఉదాహరణకు ఫోన్ హాట్‌స్పాట్ నుంచి ప్రయత్నిస్తే తేలిపోతుంది.

ఈ ఎర్రర్ పోగొట్టడానికి ‘వీలైతే టీఎల్ఎస్’ అన్న ఆప్షన్‌కు మాత్రం మారకండి. వీలుకానప్పుడు అది మీ పాస్‌వర్డ్‌ను బహిరంగంగా పంపేస్తుంది, ఎర్రర్ కూడా చూపించదు.

పీహెచ్‌పీమెయిలర్ ‘ఎస్ఎంటీపీ కనెక్ట్ ఫెయిల్డ్’ అంటోంది. కనెక్షన్ బాగానే ఉంది కదా?

అందులో ‘కనెక్ట్’ అన్న మాట చాలా విశాలమైంది. సర్టిఫికెట్ నచ్చకపోయినా, స్టార్ట్‌టీఎల్ఎస్ కుదరకపోయినా, కొన్నిసార్లు లాగిన్ తప్పినా చివరికి ఆ ఒక్క వాక్యమే మిగులుతుంది. 2014లో వచ్చిన పీహెచ్‌పీ 5.6 నుంచి సర్టిఫికెట్ తనిఖీ దానంతటదే జరుగుతోంది. అందుకే పాత హోస్టింగ్ నుంచి కొత్తదానికి మారిన రోజున చాలామందికి ఇది మొదలవుతుంది. డీబగ్ స్థాయిని 2 చేస్తే సర్వర్‌తో జరిగిన సంభాషణ మొత్తం కనిపిస్తుంది, 3 చేస్తే కనెక్షన్ వివరాలు కూడా వస్తాయి. ఆ సంభాషణలో చివరి వాక్యం ఎవరిదో చూడండి. కారణం దాని పక్కనే ఉంటుంది.

## సర్టిఫికెట్, హ్యాండ్‌షేక్ దగ్గర ఆగిపోతే

‘సర్టిఫికెట్ చైన్‌లో సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్’ అంటోంది. కానీ మాది డబ్బు పెట్టి కొన్న సర్టిఫికెట్!

మీ ప్రోగ్రామ్ చూసిన సర్టిఫికెట్ మీది కాకపోవచ్చు. కొన్ని యాంటీవైరస్‌లు వెళ్లే మెయిల్‌ను స్కాన్ చేయడానికి మధ్యలో నిలబడి, సర్వర్ సర్టిఫికెట్ బదులు తాము తయారుచేసింది చూపిస్తాయి. ఆఫీసుల్లో ఫైర్‌వాల్‌లు కూడా ఇదే పని చేస్తాయి. ఎర్రర్‌లో సర్టిఫికెట్ వివరాలు తెరిచి, జారీ చేసింది ఎవరో చూడండి. అక్కడ యాంటీవైరస్ పేరో మీ ఆఫీసు పేరో ఉంటే సర్వర్‌ను తిట్టి లాభం లేదు. ఆ మెయిల్ స్కానింగ్ ఆపాలి, లేదా ఆఫీసు రూట్ సర్టిఫికెట్‌ను (మిగతా సర్టిఫికెట్ల నమ్మకానికి ఆధారమైన అన్నిటికన్నా పై సర్టిఫికెట్) మీ ప్రోగ్రామ్‌కు నమ్మకమైనదిగా చేర్చాలి. ఈ రెండూ కాని కొత్త పేరేదైనా కనిపిస్తే, అందులోనూ బయటి వైఫైలో ఉన్నప్పుడు, పాస్‌వర్డ్ ఇవ్వకుండా అక్కడితో ఆగిపోండి.

బ్రౌజర్‌లో వెబ్‌సైట్ తాళం గుర్తు బాగానే ఉంది. మెయిల్‌కి మాత్రం ‘లోకల్ ఇష్యూయర్ సర్టిఫికెట్ దొరకలేదు’ అంటోంది.

‘లోకల్’ అన్న మాట చూసి అందరూ తమ కంప్యూటర్‌లో వెతుకుతారు. ఎక్కువసార్లు లోపం సర్వర్‌లోనే ఉంటుంది. సర్వర్ తన సర్టిఫికెట్‌తోపాటు దాన్ని జారీ చేసిన మధ్యస్థ సర్టిఫికెట్‌ను కూడా పంపాలి. కొందరు మొదటిది మాత్రమే పెట్టి ఊరుకుంటారు. చాలా బ్రౌజర్లు ఆ మధ్య లంకెను తామే తెచ్చుకుంటాయి, లేదా ఇదివరకు చూసింది గుర్తుపెట్టుకుంటాయి. పైథాన్, పీహెచ్‌పీ, నోడ్ లాంటివి అలా తెచ్చుకోవు. నోడ్‌లో ఇదే ‘మొదటి సర్టిఫికెట్‌ను ధృవీకరించలేకపోయాం’ అని వస్తుంది. సర్వర్‌లో మధ్యస్థ సర్టిఫికెట్ కూడా కలిసిన ఫుల్ చైన్ ఫైలు పెట్టించండి. సర్వర్ సరిగానే పంపుతున్నా ఇదే వస్తే, అప్పుడు మీ మెషీన్‌లోని రూట్ సర్టిఫికెట్ల జాబితా పాతబడిందని అర్థం.

నిన్ననే రెన్యూ చేశాం. అయినా ‘సర్టిఫికెట్ గడువు ముగిసింది’ అంటోంది.

ముందు మెయిల్ సర్వర్‌ను రీలోడ్ చేశారో లేదో చూడండి. కొత్త సర్టిఫికెట్ డిస్క్ మీదికి వచ్చి ఉంటుంది, వెబ్ సర్వర్ దాన్ని అందుకుని ఉంటుంది, మెయిల్ సర్వర్ మాత్రం స్టార్ట్ అయినప్పుడు చదివిన పాతదాన్నే చూపిస్తూ ఉంటుంది. రెన్యూ స్క్రిప్టులో వెబ్ సర్వర్‌ను రీలోడ్ చేసే లైన్ ఉండి, మెయిల్ సర్వర్ లైన్ లేకపోవడం చాలా మామూలు.

రెండోది, మీ మెషీన్ గడియారం. తేదీ తప్పితే మంచి సర్టిఫికెట్ కూడా గడువు దాటినట్టో, ఇంకా మొదలవనట్టో కనిపిస్తుంది.

మూడోది పాత సాఫ్ట్‌వేర్‌లో వచ్చేది. గడువు ముగిసింది మీ సర్టిఫికెట్‌కు కాకుండా, దాని పైనున్న రూట్‌కు కావొచ్చు. 2020 మే 30న యాడ్‌ట్రస్ట్ రూట్, 2021 సెప్టెంబర్ 30న లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఆధారపడిన పాత రూట్ ఇలాగే ముగిశాయి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.2 లాంటి పాత లైబ్రరీలు వేరే మంచి దారి ఉన్నా ముగిసిన రూట్ దగ్గరే ఆగిపోయాయి. మెసేజ్ మాత్రం ఏ సర్టిఫికెట్ అన్నది చెప్పకుండా ‘గడువు ముగిసింది’ అనే అంటుంది.

హోస్ట్ పేరు సరిపోలడం లేదంటోంది. డీఎన్‌ఎస్ అంతా కరెక్టే.

తనిఖీ జరిగేది మీరు సెట్టింగుల్లో టైప్ చేసిన పేరు మీద. అది డీఎన్‌ఎస్‌లో చివరికి ఎక్కడికి చేరుతుందన్నది లెక్కలోకి రాదు. షేర్డ్ హోస్టింగ్‌లో మీ డొమైన్‌తో మొదలయ్యే పేరు పెడితే, సర్వర్ సర్టిఫికెట్ హోస్టింగ్ కంపెనీ పేరు మీద ఉండొచ్చు. ఐపీ అడ్రస్ టైప్ చేసినా ఇదే వస్తుంది. హోస్టింగ్ వాళ్లిచ్చిన సర్వర్ పేరే వాడండి.

‘ఎస్‌ఎస్‌ఎల్‌వీ3 అలర్ట్ హ్యాండ్‌షేక్ ఫెయిల్యూర్’ వస్తోంది. మా సర్వర్‌లో ఎస్ఎస్ఎల్ 3 ఎప్పుడో తీసేశాం!

ఆ పేరు చూసి కంగారుపడకండి. 40వ నంబర్ అలర్ట్ ఎస్ఎస్ఎల్ 3 కాలంలో పుట్టింది కాబట్టి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ దాన్ని ఆ పేరుతోనే పిలుస్తూ వచ్చింది. టీఎల్ఎస్ 1.2లో నడుస్తున్నా అదే పేరు కనిపిస్తుంది. ‘టీఎల్‌ఎస్‌వీ1 అలర్ట్’ అని మొదలయ్యే మెసేజ్‌లూ అంతే, మీరు టీఎల్ఎస్ 1.0 వాడుతున్నారని వాటి అర్థం కాదు. అసలు సమాచారం చివర ఉండే అలర్ట్ నంబర్‌లో ఉంది. 40 అంటే ఇద్దరికీ నచ్చిన సైఫర్ (ఎన్‌క్రిప్షన్ చేసే తీరు) లాంటిది కుదరలేదని. 70 అంటే ప్రోటోకాల్ వెర్షన్ కుదరలేదని. 48 అంటే సర్టిఫికెట్ జారీ చేసినవాళ్లు తెలియదని. అలర్ట్ పంపింది అవతలివైపు అన్నది కూడా గుర్తుంచుకోండి. పూర్తి కారణం అవతలి లాగ్‌లోనే ఉంటుంది.

మా సర్వర్ లాగ్‌లో ‘అన్‌నోన్ సీఏ, అలర్ట్ 48’ వస్తోంది. క్లయింట్ సర్టిఫికెట్ అడగడమే లేదే?

మీ సర్వర్ ఎవర్నీ తిరస్కరించలేదు. ఆ అలర్ట్ మీకు వచ్చింది, మీరు పంపింది కాదు. మీ సర్టిఫికెట్‌ను చూసిన క్లయింట్, దాన్ని జారీ చేసినవాళ్లను గుర్తుపట్టక వెనక్కి తిరిగింది. మధ్యస్థ సర్టిఫికెట్ పంపుతున్నారో లేదో చూడండి. ఒక్క మనిషి నుంచే వస్తుంటే అతని మెషీన్‌లో రూట్ల జాబితా పాతది.

స్కాన్ చేసి మెయిల్ పంపే మా పాత ప్రింటర్ ఉన్నట్టుండి ‘సర్వర్ ఎర్రర్’ అంటోంది. ఏమీ మార్చలేదు.

మార్చింది అవతలివాళ్లు. 2021 మార్చిలో టీఎల్ఎస్ 1.0, 1.1లను వాడకూడదని ఆర్ఎఫ్‌సీ 8996 తేల్చింది. మెయిల్ సంస్థలు ఒకటొకటిగా వాటిని ఆపేస్తూ వచ్చాయి. పాత యంత్రానికి టీఎల్ఎస్ 1.2 రాకపోతే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూడండి. లేకపోతే ఆఫీసు నెట్‌వర్క్ లోపలే ఒక చిన్న మెయిల్ సర్వర్ పెట్టి, ప్రింటర్ దానికి అప్పగించేలా, అది బయటికి కొత్త టీఎల్ఎస్‌తో పంపేలా చేయొచ్చు. ఈలోగా యంత్రం తేదీ కూడా చూడండి. కరెంట్ పోయినప్పుడల్లా తేదీ వెనక్కి వెళ్లే ప్రింటర్లకు సర్టిఫికెట్లన్నీ తప్పుగానే కనిపిస్తాయి.

సర్టిఫికెట్ తనిఖీ ఆఫ్ చేస్తే పనిచేసింది. అలాగే ఉంచేయనా?

వద్దు. దయచేసి వద్దు. తనిఖీ లేని ఎన్‌క్రిప్షన్ అంటే, ఇంటి తాళం ఎవరడిగినా పేరు కూడా అడక్కుండా ఇచ్చేయడం. మధ్యలో నిలబడినవాడు తన సర్టిఫికెట్ చూపిస్తే మీ ప్రోగ్రామ్ దాన్ని నమ్మి పాస్‌వర్డ్ అప్పగిస్తుంది. మెయిల్ పాస్‌వర్డ్ పోతే దాంతో మిగతా అకౌంట్ల పాస్‌వర్డ్‌లు రీసెట్ చేయొచ్చు. సలహాలు ఇచ్చేవాళ్లు ‘ఈ ఒక్క లైన్ పెట్టండి, పోతుంది’ అని ఇంత తేలిగ్గా చెప్పడం నాకు బాధగా ఉంటుంది.

కారణం కనుక్కోవడానికి ఒక్కసారి ఆఫ్ చేసి చూడటం వరకు సరే, అదీ అసలు పాస్‌వర్డ్ పెట్టకుండా. పనిచేసిందంటే లోపం సర్టిఫికెట్‌లోనే ఉందని తేలింది. వెంటనే ఆన్ చేసి, పేరు, తేదీ, చైన్ ఈ మూడింటిలో ఏది తప్పిందో సరిచేయండి.

## లాగిన్ దగ్గర ఆగిపోతే

‘సర్వర్‌కు సెక్యూర్ కనెక్షన్ కావాలి, లేదా క్లయింట్ లాగిన్ కాలేదు’ అంటోంది. ఎస్ఎస్ఎల్ ఆన్‌లోనే ఉంది.

డాట్‌నెట్‌లో వచ్చే ఈ వాక్యం రెండు వేర్వేరు కారణాలను ఒకే ఊపిరిలో చెబుతుంది. చదివినవాళ్లు మొదటిదాని వెంటే పడతారు. వాక్యం చివర సర్వర్ అసలు జవాబు అతికించి ఉంటుంది, అది చూడండి. ‘అథెంటికేషన్ రిక్వైర్డ్’ అని ఉంటే కనెక్షన్ బాగానే ఉంది, లాగిన్ జరగలేదు. యూజర్‌నేమ్ సరిగా అందిందా, ‘డిఫాల్ట్ క్రెడెన్షియల్స్’ అన్న సెట్టింగ్ మీరిచ్చిన వివరాలను పక్కన పెట్టేస్తోందా అన్నది వెతకండి. ‘ముందు స్టార్ట్‌టీఎల్ఎస్ ఇవ్వాలి’ అని ఉంటే మాత్రం నిజంగానే ఎన్‌క్రిప్షన్ మొదలవలేదు.

పాస్‌వర్డ్ కరెక్టే, బ్రౌజర్‌లో లాగిన్ అవుతోంది. ఇక్కడ 535, ‘యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెల్లవు’ అంటోంది.

పాస్‌వర్డ్ మార్చుకుంటూ కూర్చోకండి. చాలా సంస్థలు మామూలు పాస్‌వర్డ్‌తో మెయిల్ ప్రోగ్రామ్ లాగిన్‌నే ఆపేశాయి. జీమెయిల్ వ్యక్తిగత అకౌంట్లకు 2022 మే 30 నుంచి ఆ దారి మూసింది. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తయారుచేసుకుని అది పెట్టాలి, లేదా ప్రోగ్రామ్‌కు పాస్‌వర్డ్ ఇవ్వకుండానే అనుమతి ఇచ్చే ఓఆథ్ పద్ధతి వాడాలి. మైక్రోసాఫ్ట్ కూడా వ్యక్తిగత అవుట్‌లుక్ అకౌంట్లకు 2024 సెప్టెంబర్ 16 నుంచి ఓఆథ్ తప్పనిసరి చేసింది. ఆఫీసు అకౌంట్లలో 535 పక్కన 5.7.139 అని ఉంటే, మీ సంస్థ అడ్మిన్ ఎస్ఎంటీపీ లాగిన్‌ను ఆపి ఉంచారేమో అడగండి. అక్కడ సర్వర్ వాక్యం పూర్తిగా చదివితే ఆ సంగతి రాసే ఉంటుంది. ప్రోగ్రాములే దాన్ని కత్తిరించి ‘పాస్‌వర్డ్ తప్పు’ అని చూపిస్తాయి.

‘ఈ సర్వర్‌లో లాగిన్ సదుపాయం లేదు’ అంటోంది. లాగిన్ లేని మెయిల్ సర్వర్ ఉంటుందా?

లాగిన్ ఉంది, సర్వర్ ఇంకా మీకు చూపించలేదు. ఎన్‌క్రిప్షన్ మొదలయ్యేదాకా లాగిన్ సదుపాయాన్ని దాచి ఉంచడం మంచి సర్వర్ల అలవాటు. పాస్‌వర్డ్ బహిరంగంగా రాకూడదని అలా చేస్తారు. మీ కోడ్ స్టార్ట్‌టీఎల్ఎస్ ఇవ్వకుండానే లాగిన్‌కు వెళ్తోంది. పైథాన్‌లో లాగిన్ లైన్‌కు ముందు స్టార్ట్‌టీఎల్ఎస్ లైన్ ఉండాలి. సొంతంగా సంభాషణ రాసుకునేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి: స్టార్ట్‌టీఎల్ఎస్ తర్వాత మళ్లీ ఈహెచ్‌ఎల్‌ఓ (సర్వర్ సదుపాయాల జాబితా అడిగే ఆదేశం) పంపాలి. అంతకుముందు విన్న జాబితా చెల్లదు. ‘504, తెలియని అథెంటికేషన్ రకం’ అన్న జవాబు వచ్చినా ముందు ఎన్‌క్రిప్షన్ మొదలైందో లేదో చూడండి.

## పంపే దగ్గర, పంపాక

లాగిన్ వివరాలు పెట్టాను. ‘రిలే యాక్సెస్ డినైడ్’ అంటోంది. అవతలివాళ్లు నన్ను బ్లాక్ చేశారా?

అవతలివాళ్ల దాకా మెయిల్ వెళ్లనే లేదు. మీ సర్వరే ఆపింది, ఎందుకంటే మీరెవరో దానికి తెలియదు. వివరాలు సెట్టింగుల్లో ఉన్నా ప్రోగ్రామ్ లాగిన్ ఆదేశం పంపకపోయి ఉండొచ్చు. ‘నా అవుట్‌గోయింగ్ సర్వర్‌కు లాగిన్ కావాలి’ అన్న గడిలో టిక్ ఉందా చూడండి. పోర్ట్ 25కి వెళ్తున్నా ఇదే జరుగుతుంది, చాలా సర్వర్లు అక్కడ లాగిన్ ఇవ్వవు.

‘454, టీఎల్ఎస్ తాత్కాలికంగా లేదు’ అంటోంది. ఎంతసేపు ఆగాలి?

ఆగినంత మాత్రాన అది బాగవడం అరుదు. 4తో మొదలయ్యే కోడ్‌కు మళ్లీ ప్రయత్నించమని అర్థమే, కానీ ఇక్కడ మామూలు కారణం సర్వర్ తన సర్టిఫికెట్ ఫైలునో, ప్రైవేట్ కీ ఫైలునో చదవలేకపోవడం. ఫైలు ఉన్న చోటు మారింది, అనుమతులు తప్పాయి, లేదా కీ వేరు సర్టిఫికెట్ వేరు. సర్వర్ మీదైతే లాగ్ చూడండి. మీది కాకపోతే సర్వర్ వాళ్లకు వెంటనే చెప్పండి, వాళ్లకు తెలిసి ఉండకపోవచ్చు.

పోస్ట్‌ఫిక్స్ మెయిల్ సర్వర్ లాగ్‌లో ‘అన్‌ట్రస్టెడ్ టీఎల్ఎస్ కనెక్షన్’ అని ఉంది. టెన్షన్‌గా ఉంది, మెయిల్ లీక్ అయిందా?

అది ఎర్రర్ కాదు. మెయిల్ ఎన్‌క్రిప్షన్‌లోనే వెళ్లింది. సర్వర్ నుంచి సర్వర్‌కు వెళ్లేటప్పుడు మామూలు సెట్టింగుల్లో అవతలి సర్టిఫికెట్‌ను నమ్మకమైనవాళ్లు జారీ చేశారా అన్నది షరతుగా పెట్టరు. పక్కనుంచి వినేవాళ్లకు అది అడ్డే. వేషం వేసుకుని మధ్యలో నిలబడేవాణ్ని మాత్రం ఆపదు. ఆ భద్రత కూడా కావాలంటే డేన్, ఎంటీఏ-ఎస్టీఎస్ అనే పద్ధతులున్నాయి. అవి అవతలి డొమైన్‌లో కూడా ఉండాలి.

‘పంపడం విఫలమైంది’ అంటే మళ్లీ పంపాను. అవతలివాళ్లకు మూడు కాపీలు వెళ్లాయట!

మెయిల్ మొదటిసారే వెళ్లిపోయింది. పంపాక కాపీని ‘సెంట్’ ఫోల్డర్‌లో దాచడం వేరే పని, అది ఐమ్యాప్ అనే పద్ధతిలో వేరే కనెక్షన్ మీద జరుగుతుంది. అక్కడ తప్పితే కొన్ని ప్రోగ్రాములు పంపడమే తప్పినట్టు చూపిస్తాయి. ఇంకో సందర్భం పెద్ద అటాచ్‌మెంట్లప్పుడు వస్తుంది. మెయిల్ అంతా అందుకున్నాక సర్వర్ స్కాన్ చేసి ‘250’ చెప్పేలోపు మీ ప్రోగ్రామ్ ఓపిక అయిపోతుంది. ఆ జవాబు కోసం పది నిమిషాలు ఆగాలని ఎస్ఎంటీపీ నియమం, చాలా ప్రోగ్రాములు అంత ఆగవు. మళ్లీ పంపే ముందు మీకే ఒక చిన్న మెయిల్ పంపి చూసుకోండి.

## అసలు కారణం మీరే చూడాలంటే

ప్రోగ్రామ్ లేకుండా నేరుగా సర్వర్‌ను పరీక్షించడం ఎలా?

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో పాటు ఎస్-క్లయింట్ అనే పరికరం వస్తుంది. 465కి నేరుగా కనెక్ట్ చేయండి. 587కి అయితే స్టార్ట్‌టీఎల్ఎస్ ఆప్షన్‌కు ఎస్ఎంటీపీ అని ఇచ్చి కనెక్ట్ చేయండి. సర్వర్ చూపించిన సర్టిఫికెట్ల వరస, కుదిరిన టీఎల్ఎస్ వెర్షన్, చివర ‘వెరిఫై రిటర్న్ కోడ్’ కనిపిస్తాయి. అది 0 అయితే చైన్, తేదీ బాగున్నట్టు. పేరు తనిఖీని మాత్రం అది తనంతట తాను చేయదు, విడిగా అడగాలి. ఇక్కడ బాగుండి ప్రోగ్రామ్‌లో తప్పితే లోపం ప్రోగ్రామ్ సెట్టింగుల్లోనో, అది వాడే రూట్ల జాబితాలోనో ఉంది.

ఎస్-క్లయింట్‌లో గ్రహీత లైన్ టైప్ చేయగానే ‘రీనెగోషియేటింగ్’ అని ఆగిపోతోంది. సర్వర్ లోపమా?

కాదు. ఆ పరికరంలో లైన్ మొదట్లో పెద్దక్షరం ‘ఆర్’ వస్తే, హ్యాండ్‌షేక్ మళ్లీ చేయమన్న ఆదేశంగా తీసుకుంటుంది. గ్రహీత ఆదేశం ఆర్‌సీపీటీ ఆ అక్షరంతోనే మొదలవుతుంది. ‘క్యూ’తో మొదలైతే బయటికి వచ్చేస్తుంది. ఎస్ఎంటీపీకి పెద్దక్షరమైనా చిన్నక్షరమైనా ఒకటే కాబట్టి చిన్నక్షరాల్లో టైప్ చేయండి, లేదా క్వైట్ ఆప్షన్‌తో మొదలుపెట్టండి.

సపోర్ట్ వాళ్లకు రాసేటప్పుడు ఏం పంపాలి?

ఎర్రర్ స్క్రీన్‌షాట్ ఒక్కటే పంపితే వాళ్లూ ఆ మాట వెంటే పడతారు. సర్వర్ పేరు, పోర్ట్, ఎన్‌క్రిప్షన్ రకం, ప్రయత్నించిన సమయం టైమ్ జోన్‌తో సహా, సర్వర్ పంపిన చివరి వాక్యం అక్షరం పొల్లు పోకుండా, వేరే నెట్‌వర్క్ నుంచి చూస్తే ఏమైంది, ఇవి రాయండి. డీబగ్ లాగ్ జతచేసే ముందు లాగిన్ ఆదేశం తర్వాత వచ్చే లైన్లను చెరిపేయండి. అక్కడ అర్థం కాని అక్షరాల్లా కనిపించేది బేస్64లో ఉన్న మీ యూజర్‌నేమ్, పాస్‌వర్డే, ఎవరైనా క్షణంలో చదివేయగలరు. ఇప్పటికే ఎవరికైనా అలా పంపి ఉంటే ఈ రోజే పాస్‌వర్డ్ మార్చేయండి.